నత్తల మాస్టారు

మొన్న గేటుకి రంగు కొందామని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులోకి వెళ్లాను. నాకంటే ముందు బందరు వైపు నుంచి వచ్చిన బోటు మనిషి ఒకతను తుప్పుపట్టిన డబ్బా మూత కౌంటరు మీద పెట్టి, "ఇదే కావాలండి, బోటు అడుగుకి వేసేది" అంటున్నాడు. షాపతను మూత తిప్పి చూసి నవ్వాడు.

"ఇంకా ఈ రకం ఎక్కడుందండీ బాబూ! తగరం కలిపిన రంగు కదూ ఇది? ఎప్పుడో ఆపేశారు. లోకం మొత్తం మీదే ఓడలకి వెయ్యకూడదన్నారు."

"ఎందుకంటా?"

"ఏవో నత్తలు పాడైపోతున్నాయంటండి."

బోటతను కూడా నవ్వాడు. "నత్తల కోసం రంగు మానేశారా? బాగుందండీ యవ్వారం!" అన్నాడు. ఇద్దరూ కలిసి నావైపు చూశారు, నేనూ నవ్వుతానని. అక్కడ బల్ల మీద కూర్చున్నాను. రంగు కొనకుండానే ఇంటికి వచ్చాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయను. రాసే హక్కు నాకు ఉందో లేదో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. రేవులో అందరూ ఆయన్ని నత్తల మాస్టారు అనేవాళ్లు. ఇక్కడా అంతే చాలు.

అప్పట్లో నేను బందరు రేవులో మా బావ బోట్లు చూసేవాణ్ణి. మాది పామర్రు దగ్గర వ్యవసాయం. మా అక్క మొగుడికి వరి మీద మొహం మొత్తి, పొలం కొంత అమ్మి రెండు మరబోట్లు కొన్నాడు. సముద్రం అంటే ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. డీజిలు దొంగిలించకుండా, ఐసు కరిగిందని అబద్ధాలు చెప్పకుండా, వలలు మాయం కాకుండా చూడటం నా ఉద్యోగం. అంటే పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మనుషుల్ని అనుమానించడమే నా పని. అందులో నేను దిట్టనని అనుకునేవాణ్ణి, మాస్టారు తగిలేదాకా.

డెబ్బై మూడో డెబ్బై నాలుగో, సరిగా గుర్తు లేదు. వానాకాలం వెళ్లాక ఒక పొద్దున యాభై దాటిన మనిషి సైకిలు మీద రేవుకి వచ్చాడు. తెల్ల చొక్కా, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, మెడలో దారానికి వేలాడే భూతద్దం. వచ్చినవాడు చేపలకేసి చూడలేదు, రొయ్యలకేసి చూడలేదు. తిన్నగా జెట్టీ కింద బురదలోకి దిగి, గుంజలకి అంటుకున్న నత్తల్ని ఒక్కొక్కటే పీకి సంచీలో వేసుకోవడం మొదలుపెట్టాడు. గంటసేపు ఏరాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మీ ఇంజను గదిలో వైసు ఉంటుంది కదండీ, కాసేపు ఇస్తారా?" అన్నాడు.

ఇనప ముక్కల్ని కదలకుండా బిగించే వైసు నత్తలకి ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇచ్చాను గానీ పక్కనే నిలబడ్డాను. ఆయన చెక్క మీద వైసు బిగించి, నత్తని అందులో పెట్టి, చిట్లేదాకా మెల్లగా తిప్పి, పెంకు వొలిచి, లోపలి కండని భూతద్దంతో చూసి పుస్తకంలో రాసుకునేవాడు. అలా ముప్పై దాకా. మధ్యలో తల తిప్పి, "నువ్వు ఎవరి తరపున చూస్తున్నావయ్యా?" అని అడిగాడు.

"మీరెవరి తరపున వచ్చారు ముందు అది చెప్పండి" అన్నాను.

"కాలేజీలో జువాలజీ చెబుతాను."

"ఐడీ కార్డు ఉందా?"

నాకు తెలిసి ఆ రేవులో ఎవరూ ఎవర్నీ ఐడీ కార్డు అడిగి ఎరగరు. ఆయనకి కోపం రాలేదు సరిగదా, మొహం వెలిగింది. జేబులోంచి కార్డు తీసి చూపించి, "శభాష్! నువ్వు పనికొస్తావ్" అన్నాడు. మా పరిచయం అలా మొదలైంది.

అంత అనుమానం మనిషిని నేను ఇంకోణ్ణి చూడలేదు. టీ ఇస్తే ముందు వాసన చూసేవారు, తర్వాత నన్ను ఒక గుక్క తాగమనేవారు, తర్వాత తాగేవారు. బస్సులో వెనక తలుపు పక్క సీటు తప్ప కూర్చోరు. నత్తల సంచీకి తాడు కట్టి, ఆ ముడి మీద పోస్టాఫీసు లక్క కరిగించి పోసి, దాని మీద తన బొటనవేలి గోరు గుర్తు వేసేవారు. చీటీ రెండు ప్రతులు రాసి ఒకటి సంచీలో వేస్తే, రెండోది చొక్కా జేబులో. ఏ మాట చెప్పినా అదే ప్రశ్న మూడు రకాలుగా అడిగేవారు. "నిన్న ఎన్ని బోట్లు కడిగారు?" అని అడిగి, కాసేపాగి "నిన్న ఎన్ని బోట్లు కడగలేదు?" అని అడిగి, వెళ్లేటప్పుడు సైకిలెక్కి "మొత్తం ఎన్ని బోట్లు ఉన్నాయి నిన్న?" అనేవారు. మూడూ కలిస్తేనే సంతోషం. కలవకపోతే ఇంకా సంతోషం.

ఆయన క్రైస్తవులు. టిఫిను డబ్బా విప్పేముందు తల వంచి ప్రార్థన చేసుకునేవారు, కానీ ఒక కన్ను తెరిచే ఉంచేవారు. ఒకసారి నవ్వుతూ అడిగాను, "దేవుడి మీద కూడా అనుమానమేనా మాస్టారూ?" అని.

"ఛ, ఛ! దేవుడి మీద కాదయ్యా. కాకుల మీద" అన్నారు.

రేవులో ఆయన మీద అనుమానం ఇంతా అంతా కాదు. సేల్సుటాక్సు మనిషన్నారు, పక్కూరి బోట్లవాళ్లు పంపారన్నారు, యుద్ధం అయి ఎన్నాళ్లో కాలేదు కాబట్టి గూఢచారి అన్నారు. నేను మాత్రం ఒక ఏడాది పాటు ఆయన నత్తల పేరు చెప్పి ముత్యాలు వెతుకుతున్నాడనే గట్టిగా నమ్మాను. ఆయన పారేసిన పెంకుల్ని ఒక రోజు కాలితో కెలుకుతుంటే పట్టుకున్నారు కూడా. "ఏం దొరికింది?" అన్నారు. "ఏం లేదండి" అన్నాను. "నాకు దొరికింది, రా చూపిస్తా" అని భూతద్దం నా చేతికిచ్చారు.

"ఇదిగో, ఈ పసుపచ్చ సంచీ కనపడిందా? గుడ్లు పెట్టే భాగం. అంటే ఇది ఆడది. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానండి."

"ఇప్పుడు కుడి మీసం వెనక చూడు."

చూశాను. చిన్న కొక్కెంలాగా ఏదో ఉంది.

"అది మగదానికి ఉండాల్సింది. ఆడదానికి మొలిచింది. ఈ జెట్టీ దగ్గర పీకిన ఆడనత్తల్లో దాదాపు అన్నిటికీ అంతే. అది మొలిచి మొలిచి గుడ్డు దారి మూసేస్తోంది. గుడ్డు బయటికి రాలేక లోపలే నల్లబడి కుళ్లిపోతోంది. ఈ గుంజల మీద నత్తపిల్లని చూసి ఎన్నాళ్లయిందో చెప్పు."

నేను ఎప్పుడన్నా చూస్తే కదా. అక్కడ గుల్లలు ఏరుకునే ఆడవాళ్లని అడిగితే వెంటనే చెప్పారు. రెండేళ్లుగా పెద్దవే గానీ పిల్లలు కనపడటం లేదట.

దీనికి కారణం ఏమిటో తేల్చడానికి ఆయన పట్టిన పట్టు చూడాలి. ముందు డీజిలు నూనెని అనుమానించారు. తర్వాత ఐసు ఫ్యాక్టరీ నీళ్లని. తర్వాత ఊరి మురుగు కాలవని. ఒక్కోదాని దగ్గరా నెలల తరబడి నత్తలు ఏరి, కాదని తేల్చుకుని వదిలేశారు. చివరికి మిగిలింది రంగు. బోటు అడుగున నాచు, గుల్లలు పట్టకుండా అంతకు ముందు జీడినూనె, గుగ్గిలం పూసేవాళ్లు. అప్పటికి మూణ్ణాలుగేళ్ల కిందట విజయవాడ నుంచి తగరం కలిపిన కొత్త రంగు వచ్చింది. ఒక్కసారి వేస్తే రెండేళ్ల దాకా బోటు అడుగు అద్దంలా ఉండేది. బోటు తేలిగ్గా పరిగెత్తేది, డీజిలు కలిసొచ్చేది. మా బావ దాన్ని చూసి మురిసిపోయాడు.

"గుల్ల అంటుకోకుండా చంపే రంగు, అంటుకోని నత్తని ఊరికే వదిలేస్తుందంటావా?" అనేవారు మాస్టారు.

కానీ అనుమానం రుజువు కాదని ఆయనకంటే ఎవరికి తెలుసు? రంగు వేసిన బోటు రాని చోట నత్తలు కావాలన్నారు. దివిసీమలో ఒక పల్లె నుంచి నాంచారమ్మ అనే ముసలావిడ వారం వారం పడవలో పీతలు తెచ్చి మా రేవులో అమ్మేది. వాళ్ల కాలవలోకి మరబోటు రాదు. అమావాస్యకి నీరు బాగా తీసినప్పుడు ఆవిడ అక్కడి నత్తలు ఏరి తెచ్చేది. మాస్టారు రేవులో ఎదురుచూసి, పడవ దిగీ దిగగానే తీసుకునేవారు. రెండేళ్లలో ఆవిడ తెచ్చిన నత్తల్లో ఒక్క ఆడదానికీ ఆ కొక్కెం కనపడలేదు. నేనే చూశాను, భూతద్దంలో, నా కళ్లతో.

ఇంతలో ఎమర్జెన్సీ వచ్చింది. ఊరూరా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం మగవాళ్లని పట్టుకుపోతున్నారన్న భయం. అలాంటి రోజుల్లో మాస్టారు రేవులో కూర్చుని ఆడదీ మగదీ, ఉన్నదీ లేనిదీ అని లెక్కలు రాస్తుంటే ఊరుకుంటారా? "ఆయన ఆపరేషన్లకి మనుషుల్ని రాసుకుంటున్నాడంట" అని ఒకడు. "కాదెహె, ఆ నత్తల మందు నీళ్లలో కలుపుతున్నాడు, మొగోళ్లని ఆడోళ్లని చెయ్యడానికి" అని ఇంకొకడు. ఒకరోజు పదిమంది కలిసి ఆయన సైకిలు తీసి కాలవలో పారేశారు. తడిసిన సైకిలుని మేమిద్దరం పైకి లాగాం. ఆయన చైను తుడుచుకుంటూ, "వీళ్లు నన్ను అనుమానించడం మంచిదేనయ్యా. కానీ నన్ను అనుమానించి రంగుని నమ్ముతున్నారే, అదీ నా బాధ" అన్నారు.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. బందరు చేప తింటే మగతనం పోతుందని విజయవాడ మార్కెట్టులో ఎవడో పుకారు పుట్టించాడు. రెండు రోజులు మా చేప ఎవరూ ముట్టుకోలేదు. బోట్ల యజమానులంతా కలిసి మాస్టార్ని పిలిచి కూర్చోబెట్టారు. ఆయన భయపడలేదు. "చేపకేమీ కాలేదు. నేను అనలేదు కూడా. నత్త సంగతి చెబుతాను వినండి" అని ఒక గంట చెప్పారు. చివరికి ఒప్పందం కుదిరింది. ఒక రోజు అందరి ముందూ, రేవు నత్తల్నీ దివి నత్తల్నీ పక్కపక్కన పెట్టి కోస్తారు. దివివి బాగుండి రేవువి చెడి ఉంటే, యజమానులు ఒక ఏడాది ఆ రంగు మానేసి పాత గుగ్గిలానికి వస్తారు. రెండూ ఒకలాగే ఉంటే, మాస్టారు ఇక రేవులో కాలు పెట్టరు.

మాట ఇచ్చిన నాలుగో రోజున ఆయన సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. మూడు నెలలు పిండికట్టు.

ఆ సంగతి తెలియక నాంచారమ్మ ఆ అమావాస్యకి నత్తలు తెచ్చేసింది. "అయ్యగోరు రాలేదేంటి బాబూ? ఇప్పుడియ్యి ఏం చెయ్యను?" అంది. ఆయన కాలు సంగతి చెప్పాను. పారెయ్యడానికి ఆవిడకి మనసొప్పలేదు. పీతలు అమ్ముడుపోకపోతే వెదురు బుట్టలో వేసి, మూత కట్టి, పడవ పక్కన నీళ్లలో వేలాడదియ్యడం వాళ్లకి అలవాటు. ఎన్నాళ్లయినా బతికే ఉంటాయి. నత్తల్నీ అలాగే ఉంచుతానంది. కానీ ఆవిడ పడవ వెళ్లిపోవాలి కదా.

"మా బోటుకి కట్టెయ్. ఇంజను ముక్క ఆటోనగర్లో రిపేరులో ఉంది, అది ఇప్పట్లో ఎటూ కదలదు" అన్నాను నేను.

నేనే అన్నాను. మంచి చేస్తున్నాననే అన్నాను. మా బావ బోటుని అంతకు వారం ముందే గట్టు మీదికి ఎక్కించి కొత్త రంగు వేయించి దింపాం. దాని పక్కన, జానెడు దూరంలో, ఆ బుట్ట మూడు నెలలు వేలాడింది. నాంచారమ్మ వచ్చినప్పుడల్లా బుట్ట పైకి తీసి, చేప ముక్కలు వేసి, చచ్చినవాటిని ఏరి పారేసి మళ్లీ దించేది. పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంది. నేను రోజూ దాని పక్క నుంచే నడిచాను.

కట్టు విప్పాక మాస్టారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఫలానా రోజుకి నాంచారమ్మని దివి నత్తలు తెమ్మనమని. ఆవిడతో అన్నాను, "ఉన్నాయిగా, అవే ఇచ్చెయ్. మళ్లీ బురదలో దిగడం ఎందుకు?" అని. ఆవిడ సంతోషించింది.

ఆ రోజు రేవులో తిరునాళ్లలా జనం. ఐసు పెట్టెల మీద చెక్క వేసి, దాని మీద వైసు బిగించారు. మాస్టారు కర్ర సాయంతో కుంటుకుంటూ వచ్చారు. సన్నబడ్డారు గానీ కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ముందు రేవు నత్తలు కోశారు. మా బావతో సహా అందరూ భూతద్దంలో చూసి గొణుక్కున్నారు. తర్వాత నాంచారమ్మ బుట్ట తెచ్చి ముందు పెట్టింది.

"ఎక్కడివమ్మా ఇవి?" అన్నారు మాస్టారు.

"మా కాలవ్వేనండీ అయ్యగోరు. మా యమ్మ మీద ఒట్టు."

"ఎవరు ఏరారు?"

"నా చేత్తో నేనే ఏరాను."

"ఎవరైనా వీటిల్లో వేరేవి కలిపారా?"

"కళ్లల్లో పెట్టుకు కాసుకున్నా. ఎవురు కలుపుతారు?"

ఆయన నావైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. ఎవరూ ముట్టుకోలేదుగా?"

"ముట్టుకోలేదండి" అన్నాను.

అన్నీ నిజాలే. మూడు రకాలుగా అడిగారు, మూడూ కలిశాయి. ఎప్పుడు ఏరావని మాత్రం అడగలేదు. రెండేళ్లుగా ఆవిడ ఏరిన రోజునే తెచ్చేది, ఆయన ఆ రోజునే తీసుకునేవారు. మనుషులు ద్రోహం చేస్తారేమోనని ప్రతి సందూ వెతికారు గానీ, ఆయన మీద అభిమానంతో ఒక ముసలావిడ నత్తల్ని మూడు నెలలు పెంచి ఉంటుందని ఆయనకి తట్టలేదు.

మొదటి నత్త వైసులో చిట్లింది. ఆయన వొలిచి చూశారు. భూతద్దం తుడుచుకుని మళ్లీ చూశారు. రెండోది. మూడోది. అయిదోదానికీ అదే కొక్కెం. అప్పుడు నాకు ఒక్కసారిగా వెలిగింది. బుట్ట, మా బోటు, కొత్త రంగు, మూడు నెలలు. నోరు తెరిచాను కూడా. అప్పుడే మా బావ నా భుజం మీద చెయ్యి వేసి, "చూశావురా, గొడవ వదిలింది" అన్నాడు.

నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానని అడిగితే ఈ రోజుకి కూడా నాలుగు కారణాలు చెప్పగలను. అక్క కాపురం, నా ఉద్యోగం, అమ్ముడుపోని చేప, ఆ జనం. అన్నీ సాకులే. పది మంది ముందు "ఆగండి" అనే దమ్ము లేకపోవడం ఒక్కటే కారణం.

మాస్టారు లేచి నిలబడ్డారు. "నాదే పొరపాటు. దివి నత్తలు కూడా ఇలాగే ఉన్నాయి. రంగు వల్ల కాదు. మిమ్మల్నందర్నీ ఊరికే ఇబ్బంది పెట్టాను, మన్నించండి" అన్నారు. కొందరు ఈలలు వేశారు. నాంచారమ్మకి ఏం జరిగిందో అర్థం కాక, "బాగున్నాయా అయ్యగోరూ?" అని అడిగింది. "బాగున్నాయమ్మా, మంచి పని చేశావు" అన్నారు ఆవిడతో. అంత అవమానంలోనూ వైసు విప్పి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నా చేతికిచ్చి మరీ వెళ్లారు. ఆ తర్వాత రేవు మొహం చూడలేదు.

రేపు వెళ్లి చెబుదాం, ఎల్లుండి వెళ్లి చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపాను. డెబ్బై ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చింది. దివిసీమలో నాంచారమ్మ పల్లె మిగల్లేదు. నాంచారమ్మా మిగల్లేదు. మా బావ రెండు బోట్లూ ముక్కలై పోయాయి. ఆయన మళ్లీ పొలానికి వెళ్లిపోయాడు, నేను విజయవాడ వచ్చి ఒక స్పేరుపార్టుల షాపులో చేరాను. భయపడటానికి ఇక ఎవరూ లేరు. అప్పుడు కదా నాకు ధైర్యం వచ్చింది! ఆ వేసవిలో పామర్రు బస్సెక్కాను. మాస్టారు రిటైరై అక్కడ కాలవ గట్టున చిన్న ఇంట్లో ఉంటున్నారని తెలుసుకున్నాను.

వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను చూడగానే లేవబోయారు. ఎంత సంతోషించారో! భార్యని పిలిచి, "చెప్పలేదూ, రేవులో నాకు ఒకే ఒక్క మనిషి దొరికాడని? ఇతనే" అన్నారు. అది విన్నాక చెప్పడం ఇంకా కష్టమైంది. ఆవిడ మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లారు. నేను నేల చూస్తూ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. బుట్ట సంగతి, బోటు సంగతి, రంగు సంగతి.

ఆయన వింటూ వింటూ ముందుకి వంగారు. పాత మాస్టారు బయటికి వచ్చారు.

"ఆ బుట్ట ఇప్పుడు ఉందా?"

"లేదండి."

"నాంచారమ్మ?"

"ఉప్పెనలో పోయిందండి."

"అయ్యో." అని తల వంచుకున్నారు. "ఆ బోటు?"

"అదీ పోయిందండి."

"అంటే సాక్ష్యం లేదు. చెప్పేవాడివి నువ్వొక్కడివే." వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "మా ఆవిడ కబురు పెట్టిందా నీకు? నేను దిగులుపడుతున్నానని, వచ్చి ఓ మాట చెప్పి పొమ్మందా?"

"నేను వస్తున్నట్టు అమ్మగారికే కాదండి, ఎవరికీ తెలియదు. నిజం చెబుతున్నాను మాస్టారూ."

"మరి ఆ రోజు నా పక్కనే ఉన్నావు కదా?"

"ఉన్నానండి."

"నాకు ఆ రోజు తెలియలేదు. నీకు తెలిసిందా? నిదానంగా ఆలోచించి చెప్పు. ఆ రోజే తెలిసిందా, తర్వాత తట్టిందా?"

తర్వాత అని ఉంటే ఏమయ్యేదో! ఆయనే నాకు దారి చూపిస్తున్నారని కూడా అర్థమైంది. కానీ ఇంకో అబద్ధం నా వల్ల కాలేదు.

"ఆ రోజే తెలిసిందండి. మీరు అయిదో నత్త కోసేటప్పుడు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. చాలాసేపు కాలవ వైపు చూశారు. అవతలి గట్టు మీద ఎవరో గేదెల్ని కడుగుతున్నారు. తిట్టమని మనసులో దండం పెట్టుకున్నాను. తిట్టలేదు.

"చూడవయ్యా" అన్నారు చివరికి, నెమ్మదిగా. "నువ్వు చెప్పింది నమ్మితే నా మూడేళ్ల పనీ నిజమే అవుతుంది. ఎవరికి చేదు? కానీ అది నమ్మాలంటే, అంతమంది నన్ను చూసి ఈలలేస్తుంటే నువ్వు తెలిసీ నోరు మూసుకున్నావని కూడా నమ్మాలి. అది నా వల్ల కాదు. ఈ వయసులో వద్దు. నా నత్తలే తప్పు. సరేనా? నా నత్తలే తప్పు. భోంచేసి వెళ్లు."

భోంచేశాను. ఆయన మాగాయ కలుపుకుంటూ నత్తల మాట తప్ప అన్నీ మాట్లాడారు. గేటు దాకా వచ్చి, బస్సు వచ్చేదాకా నిలబడ్డారు. మరుసటి ఏడు పోయారని తెలిసింది. నేను వెళ్లలేదు.

ఆ రోజు ఆయన నన్ను నమ్మలేదనే ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను, అనుమానపు మనిషి కదా, నమ్మలేదు పాపం అని. అది నిజం కాదు. ప్రతి మాటా నమ్మారు. నమ్మాకే నాకు అన్నం పెట్టించారు.